రాయని కొసరు

పోయినవాటిని ముందే చెప్పేస్తాను. మా కూరగాయలు కొనే నలభై రెండు ఇళ్ళు పోయాయి. మాతో కలిసి పండించిన ఎనిమిది కుటుంబాలు పోయాయి, మా అన్నతో కలిపితే తొమ్మిది. మండీలో మా అన్నకు పదహారేళ్ళుగా ఉన్న చోటు పోయింది. అతని ఎకరా పాతిక సెంట్ల కూరగాయల నేల పోయింది. నేల అక్కడే ఉంది గాని అందులో ఇప్పుడు ఒక్క వంగమొక్క లేదు. మా అమ్మ చేతి నుంచి వదిన చేతికి వచ్చిన ముళ్ళ వంకాయ విత్తనం రెండు సీసాలు విత్తకుండానే పాతబడి మొలకెత్తకుండా పోయింది. వదిన నాతో మాట్లాడే మాటల్లో నాలుగింట మూడు వంతులు పోయాయి. ఇరవై ఆరేళ్ళ స్నేహం ఒకటి పోయింది.

డబ్బు పోలేదు. ఈ ముక్క ముందే చెప్పకపోతే చదివేవాళ్ళు చివరిదాకా డబ్బు కోసం వెతుక్కుంటారు. ఇళ్ళవాళ్ళు ఇవ్వాల్సింది ఇచ్చారు, రైతులకు చేరాల్సింది చేరింది, బండి అతనికి బాకీ లేదు. నా నోటు పుస్తకాలు మూడు. ఎవరు తీసి కూడినా ఒక్క రూపాయి తేడా రాదు. జరుగుతున్నది అన్నాళ్ళపాటు నా కంటపడకపోవడానికి అదే కారణం. లెక్క సరిపోయిన చోట నేను మళ్ళీ చూడను.

నేను చదివింది అయిదో తరగతి, అదీ తమిళంలో. తెలుగు మా ఇంటి మాటే గాని అక్షరాలు ఎవరూ నేర్పలేదు. ముప్పై దాటాక, చిత్తూరు నుంచి వేలూరు వచ్చే బస్సుల బోర్డులు చూసి ఒక్కొక్క అక్షరం పట్టుకున్నాను. లెక్కలు అంతకు ముందే వచ్చాయి. పదిహేడో ఏట గుడియాత్తంలో అగ్గిపెట్టెల కంపెనీలో పనికి కుదిరాను. నూట నలభై నాలుగు పెట్టెలు ఒక గ్రోసు, గ్రోసుకు ఇంత అని కూలి. కుడిచేతి బొటనవేలితో మిగిలిన నాలుగు వేళ్ళ గణుపులు తాకుతూ పోతే పన్నెండు. ప్రతి పన్నెండుకూ ఎడమచేతి మీద ఒక గణుపు జరుపుతాను. రెండు చేతులూ నిండేసరికి గ్రోసు. మేస్త్రీ గ్రోసుకు నూట యాభై పెట్టెలు గుంజుతున్నాడని ఈ వేళ్ళతోనే కనిపెట్టాను. కనిపెట్టాను గాని అడిగే నోరు లేదు నాకు. నాతో ఒకే చాప మీద కూర్చుని పుల్లలు నింపే అమ్మాయికి ఉంది.

"నువ్వు లెక్కపెట్టు మే. కొట్లాడేది నేను చూసుకుంటా," అంది.

కొట్లాడింది. గ్రోసుకు ఆరు పెట్టెలు మాకు మిగిలాయి. ఆ రోజు నుంచి నన్ను కణక్కుపిళ్ళ అని పిలిచేది. తమిళంలో లెక్కలు రాసే మనిషిని అలా అంటారు. ఏడేళ్ళు ఆ చాప మీద ఉన్నాం. తరువాత ఆమెకు వేలూరులో పెళ్ళయింది. కాట్పాడి రోడ్డు పక్కన వీధిలో, ముందు పెద్ద తిన్నె ఉన్న ఇల్లు. తిన్నె మీద కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది.

ఒకసారి నేను వెళ్ళేసరికి వంకాయలు తరుగుతోంది. తొడిమలు నల్లబడి, కాయలు చేతికి మెత్తగా తగులుతున్నాయి. తొడిమ మీద ముళ్ళు చూసి గుర్తుపట్టాను. మా వైపు కాయ.

"ఇది ఎన్నాళ్ళ కాయ మే?"

"ఈ పొద్దే కొన్యా. తోపుడుబండాయన ఫ్రెష్ అన్యాడు."

"ఆయన బండికి ఫ్రెష్షు. చెట్టు నుంచి దిగి నాలుగు దినాలైంది."

"నీకెట్ల తెలుసు? చెట్టు నీకు ఫోన్ చేసినాదా?"

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూనే నేను వేళ్ళు మడిచాను. మా అన్న ఆదివారం సాయంత్రం కోస్తాడు. సోమవారం మండీకి వేస్తాడు. మండీలో పాట పాడి ఒక పెద్ద వ్యాపారి తీసుకుంటాడు, అతని నుంచి వేలూరు మార్కెట్టుకు, అక్కడి నుంచి చిన్న వ్యాపారికి, అతని నుంచి తోపుడుబండికి. ముప్పై చిల్లర కిలోమీటర్ల దారికి నాలుగు రోజులు, అయిదు చేతులు. మండీలో దించేవాడూ, తూచేవాడూ, చూసి పోయేవాడూ శాంపిలని తలా ఒక గుప్పెడు తీస్తారు, పది కిలోల గంపలో అరకిలో అలాగే పోతుంది. ఇంతా చేసి, తిన్నదెవరో మా అన్నకు తెలియదు, పండించిందెవరో ఈమెకు తెలియదు. రెండూ తెలిసింది నాకొక్కదానికే.

అలా మొదలయింది, మా అన్న, ఊళ్ళో ఇంకో ఎనిమిది కుటుంబాలు కలిసి. బుధవారం, శనివారం. తెల్లవారి కోసినది పది గంటలకు వేలూరులో గుమ్మం ముందు ఉండాలి. మొదటి పది వారాలు పదకొండు ఇళ్ళు. బస్సులో రెండు గోతాలు వేసుకుని నేనే వెళ్ళి, నేనే మెట్లెక్కి ఇచ్చాను. ఒక ఇంటి మాట మరో ఇంటికి పాకి ఇరవై ఆరు ఇళ్ళయ్యాయి. ఇక బస్సు చాలదు. కుట్టి యానై అని అందరూ పిలిచే చిన్న లోడు బండి మాట్లాడాను. సంచులు దించడానికి చోటు కావాలి, మెట్లెక్కి ఇచ్చే మనిషి కావాలి. నా స్నేహితురాలి తిన్నె ఉంది, నోరూ ఉంది. తూరికి ఒక నిండు సంచి ఆమె ఇంటికి, అదే కూలి. ఆమె సరేనంది. ఇళ్ళ జాబితా, ఫోన్ నంబర్లు ఆమె చేతికిచ్చి నేను గుడియాత్తం వైపు తూకం దగ్గర కూర్చున్నాను. పాత చాప మీద పంచుకున్నట్టే పంచుకున్నాం అనుకున్నాను. లెక్క నాది, మాట ఆమెది.

ఇక కొసరు సంగతి. మా వైపు తూకం నిలిచాక పైన ఒక పిడికెడు వేయకుండా సంచి మూతి కట్టరు. మా అన్న త్రాసు సరిపోయాక ముఖం పక్కకు తిప్పి, గంపలోంచి చేతికందినంత తీసి వేస్తాడు. చూసి వేస్తే అదీ తూకమే అయిపోతుందట. బండిలో సంచులు ఒకదాని మీద ఒకటి పడితే ఈ పిడికెడు నలిగిపోతోందని వదిన దాన్ని విడిగా అరటాకులో పొట్లం కట్టడం మొదలుపెట్టింది. నాలుగు రెబ్బల కరివేపాకు, కాస్త కొత్తిమీర, పచ్చిమిరపకాయలు, ఒక నిమ్మకాయ, ఉన్న రోజు గుప్పెడు గోరుచిక్కుళ్ళు. అరటినారతో కట్టి సంచిలో పైన పెట్టేది. తొమ్మిది కుటుంబాల కొసరూ ఒక గంపలో పడేది, పొట్లాలు మాత్రం వదిన ఒక్కతే కట్టేది.

పొట్లం కట్టిన మొదటి తూరే నేను నోటు తీసి 'పొట్లం ఒకటి' అని రాశాను. వదిన చూసి పెన్ను లాక్కుంది.

"ఏమ్మా, బంతిలో వడ్డించేటప్పుడు మెతుకులు రాసుకుంటావా? కొసరు రాయగూడదు. అది మనం ఇచ్చింది గాదు, చెయ్యి ఇచ్చింది."

"రాయకుంటే ఆమెకు అన్నం దిగదులేమ్మా," అంది పక్కనే ఆకుకూర కట్టలు కడుతున్న పెద్దామె. అందరూ నవ్వారు. నేను ఆ వరస కొట్టేశాను. మూడు నోటు పుస్తకాల్లో కొట్టివేత అదొక్కటే.

ఇంకొకటి కూడా ఉంది. అప్పుడు అది నాకు ఒక విషయంగానే తోచలేదు. కొసరు కొనేవాళ్ళకు వేస్తాం. సొంతవాళ్ళకు వేయం. సొంతవాళ్ళకు వేస్తే వాళ్ళను బేరానికి వచ్చినవాళ్ళ కింద జమ కట్టినట్టు. అందుకని నా స్నేహితురాలి సంచిలో వదిన ఏనాడూ పొట్లం పెట్టలేదు.

ప్రతి తూరూ మధ్యాహ్నం ఆమెకు ఫోన్ చేసేదాన్ని.

"ఏమన్నారు మే?"

"ఏమంటారు! మూడో అంతస్తు టీచరమ్మ మీ నిమ్మకాయను కండ్లకద్దుకున్యాది. మూలింట్లో ముసలాయన కరివేపాకు వాసన చూసి, మా అమ్మ చేతి చారు గుర్తొచ్చినాదమ్మా అని ఒకటే ఇదిగా చెప్పినాడు."

ఈ మాటలు తెచ్చి తరువాతి తూకం దగ్గర అందరికీ చెప్పేదాన్ని. చేతుల్లో పని ఆపి వినేవాళ్ళు. ఆకుకూరల పెద్దామె అయితే "ఇంకోపారి చెప్పు మా, ఆ ముసలాయన మాట," అని మళ్ళీ చెప్పించుకునేది. మా అన్న ఆ పూట పుచ్చు కాయలు ఏరేటప్పుడు మరీ నిదానంగా ఏరేవాడు. పదహారేళ్ళలో మండీలో అతనికి ధర చెప్పినవాళ్ళు ఉన్నారు, కాయ బాగుందని చెప్పినవాళ్ళు లేరు.

ఇళ్ళు నలభై రెండు అయిన వారం అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. అప్పటిదాకా సగం నేల మా ఇళ్ళకు, సగం మండీకి. ఇప్పుడు మొత్తం ఎకరా పాతికా ఇళ్ళకే పెడతానన్నాడు. మండీ షావుకారుకు చెప్పడానికి వెళ్ళినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను.

"పొయ్యేది సులభం నాయనా," అన్నాడు షావుకారు. "మళ్ళీ వచ్చినప్పుడు నీ చోటు నీకుండాల గదా. నేను కాపలా కాయను."

అన్న నా వైపు చూశాడు.

"నలభై రెండిళ్ళన్నా. వారానికి రెండు తూర్లు. లెక్క నేను చూసినా," అన్నాను.

నా మాట మీద అతను మండీ వదిలాడు. ఇళ్ళు నిలిస్తే నేల నిలుస్తుంది, ఇళ్ళు పోతే తిరిగిపోయే చోటు లేదు. ఇది నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

ఆ తరువాత నాలుగైదు నెలలకు నా స్నేహితురాలు ఒక కబురు చెప్పింది. రెండో వీధిలో ఒక ఇంటి కోడలికి మూడో నెల, పులుపుకు కొట్టుకుపోతోందట. వదిన విని తరువాతి తూరు నుంచి ఆ ఇంటికి వేరే పొట్లం కట్టింది. గోంగూర, చింతచిగురు, దొరికిన రోజు నాలుగు పచ్చిమామిడి ముక్కలు. పోల్చుకోవడానికి నార రెండు ముళ్ళు వేసేది. వదినకు పిల్లలు లేరు. ఆ పిల్ల ముఖం ఆమె చూడలేదు, ఇంటి నంబరు కూడా అడగలేదు. అయిదో నెల, ఏడో నెల అని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేది, అచ్చు నాలాగే. "తిన్యాదా? ఏమన్యాది?" అని నన్ను అడిగేది. నేను ఫోన్‌లో అడిగేదాన్ని. "గిన్నె నాకేసినాదంట," అని జవాబు వచ్చేది.

నలభై రెండు ఇళ్ళతో నలభై ఎనిమిది వారాలు నడిచింది. ఆ చివరి వారం అయ్యాక అయిదు ఇళ్ళు మానేశాయి.

"పిల్లోళ్ళకు లీవులు మే. ఊర్లకు పొయినారు, వస్తారు," అంది నా స్నేహితురాలు.

నా నోటులోని జాబితా తీసి చూశాను. అయిదుకు అయిదూ మొదటి పదకొండులోవి. సెలవులకు ఊరికి పోయేవాళ్ళయితే కొత్త ఇళ్ళలోనూ ఒకరో ఇద్దరో పోవాలి గదా. నలభై రెండింటిలోంచి ఎత్తి ఎత్తి ఆ పదకొండులోవే అయిదు ఎలా వస్తాయి? బుధవారం బండిలో సంచులు పంపేసి, ఎవరికీ చెప్పకుండా వెనకాలే బస్సెక్కాను.

మొదటి ఇల్లు నాకు బాగా తెలిసిన ఇల్లు. ఆ ఇల్లాలు నన్ను గుర్తుపట్టి లోపలికి రమ్మంది, మంచినీళ్ళిచ్చింది. మానేసిన సంగతి అడిగితే కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"తప్పుగా అనుకోవద్దమ్మా. తూకం సరిగానే ఉండాది, కాయా బాగుండాది. కానీ మొదట నువ్వు తెచ్చేటప్పుడు ఎంత అభిమానంగా ఇస్తావుంటివి! కరివేపాకనీ, నిమ్మకాయనీ. ఇండ్లు ఎక్కువయినాక అదంతా నిలిపేస్తిరి. తోపుడుబండాయన గూడా రెండు రెబ్బలు ఊరికే ఏస్తాడమ్మా. రైతే ఇంత కణక్కుగా ఉంటే ఇంక రైతు దగ్గిర కొనేది యాడికి?"

"పొట్లం రాలేదా మీకు?"

"ఏ పొట్లం?"

పక్కింట్లో అడిగాను. ఎదురింట్లో అడిగాను. మొదటి పదకొండువాళ్ళు మేమే మానేశామనుకున్నారు, కొత్తవాళ్ళకు పొట్లం ఒకటుందనే తెలియదు. మూలింటికి వెళ్ళాను. ఆ ఇంట్లో ముసలాయనే లేడు. ఇద్దరు కుర్ర ఉద్యోగులు ఉంటున్నారు. రెండో వీధిలో గుమ్మం గుమ్మం అడుగుతూ పోతే ఆ కోడలి ఇల్లు ఏడోది. పాప పుట్టి పన్నెండు రోజులయింది. అత్తగారు గుమ్మంలోనే నిలబడి విన్నది.

"మాకెవురూ పులుపు పంపలేదే! దానికి గోంగూరంటే ప్రాణం. పంపింటే ఎంత సంతోషపడుతుండె. ఎవురమ్మా ఆమె, పంపినామె?"

"మా వదిన," అన్నాను.

నా స్నేహితురాలి ఇంటికి పక్క సందులోంచి వెళ్ళాను. పెరట్లో ఆమె పీట మీద కూర్చుని ఉంది. ముందు అరటాకులు విప్పి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కరివేపాకు ఒక కుప్ప, నిమ్మకాయలు ఒక సంచి, మిరపకాయలు ఒక గంప. విప్పిన నార చక్కగా చుట్టి మేకుకు తగిలించింది. ఒక మనిషి మోపెడ్ మీద గంప కట్టుకుంటున్నాడు. కాట్పాడిలో చదువుకునే పిల్లలకు వండిపెట్టే ఒక మెస్సుకు కొనుక్కుపోయే మనిషి. ఆమె చేత్తో సైగ చేస్తే అతను గంప దించేసి వెళ్ళిపోయాడు. పేర్చిన ఆకులు లెక్కపెట్టాను. ముప్పై ఏడు. ఆ రోజు మేము ఇళ్ళకు పంపిన సంచులు ముప్పై ఏడు.

"తెలిసినాదా," అంది ఆమె తలెత్తకుండానే.

"ఎందుకు మే ఇట్ల చేసినావు?"

"ఏం చేసినా? నీ నోటు తియ్యి. వంకాయ రాసినావు, బెండకాయ రాసినావు, చిరిగిపోయిన సంచి గూడా రాసినావు. కొసరు యాడ రాసినావో చూపించు. రాయనిది ఎవురిది? చెప్పు కణక్కుపిళ్ళా, ఎవురిది?"

మేస్త్రీ ముందు నిలబడ్డ రోజున ఆ గొంతు నా పక్షాన ఉంది. ఇప్పుడు నా ఎదుట ఉంది.

"నలభై రెండు సంచులు నా తిన్నె మింద దిగుతాయి," అంది. "నలభై రెండింటికీ పొట్లముండె. నాదానికి లేదు. ఒక్క తూరి గూడా లేదు. పురుగుండాదని తిట్లు తినేది నేను, మెట్లెక్కి మోకాళ్ళు పోగొట్టుకున్యేది నేను. మీ వదిన చేతి కరివేపాకుకు నేను తగనా?"

"నువ్వు మనదానివి మే. మనోళ్ళకు ఎవురన్నా కొసరేస్తారా?"

"అది మీ ఇంట్లో రివాజు. నాకెవురు చెప్పినారు?" నిమ్మకాయల సంచి పక్కకు జరిపి అంది, "మొదటి వారం తూరికొకటే తీసినా. నా సంచికని. ఎవురూ అడగలా. ఇండ్లోళ్ళు అడగలా, నువ్వు అడగలా. సరి, అడిగేటోళ్ళు లేరు గదా అని మిగతావీ తీసినా."

"కరివేపాకు పోనీ. ఆ మాటలెందుకు చెప్పినావు? టీచరమ్మ, ముసలాయన, గిన్నె నాకేసినాదని..."

"నువ్వే గదా అడిగేది! ఏమన్నారు మే, ఏమన్నారు మే అని తూరి తూరికీ. ఏమీ అనలా అంటే నీకు నిద్దర పడతాదా? నీకు కావాల్సిందే చెప్పినా."

ఇంత మందికి ఆమె చేసినదాంట్లో నేను కరివేపాకు మన్నించగలను, నిమ్మకాయలు మన్నించగలను. ఆ మాటలు మన్నించలేను. ఎందుకంటే అవి ఆమె అమ్మినవి కావు. నేను నా చేతులతో మోసుకెళ్ళి మావాళ్ళకు ఇచ్చినవి. మా అన్న మండీ వదిలింది వాటిని చూసుకునే.

ఊరికి తిరిగి వెళ్ళి అన్నకు మొత్తం చెప్పాను. త్రాసు పళ్ళేలు కడుగుతున్నాడు. కడగడం ఆపలేదు.

"ఆ టీచరమ్మా?" అన్నాడు.

"లేదన్నా."

"ముసలాయన?"

"ఆ ఇంట్లో ముసలాయనే లేడు."

వదిన లోపలి నుంచి వచ్చి గడప మీద కూర్చుంది. "ఆ పిల్ల?" అంది. పాప పుట్టిందని చెప్పాను. ఈ పొద్దుటిదాకా పొట్లం ఒక్కటీ చేరలేదని చెప్పాను. నడుముకు దోపుకున్న అరటినార తీసి పక్కన పెట్టింది. తరువాత మెల్లగా అంది, "మా ఇంటికి ఉప్పు తెస్తే గూడా మళ్ళీ తూచి చూస్తావు గదమ్మా నువ్వు. ఈ మాటలొక్కటి తూచకుండా తెచ్చినావే."

దానికన్నా పెద్ద మాట ఆమె అప్పుడూ అనలేదు, తరువాతా అనలేదు.

ముప్పై ఏడు ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వాటిని నిలబెట్టుకుంటే నేల నిలబడుతుందని, మళ్ళీ నేనే మెట్లెక్కాను. ప్రతి సంచికీ రెండు పొట్లాలు. ఒకటి ఆ రోజుది, వదిన కట్టేది. ఒకటి పాత బాకీది, నేను కట్టేదాన్ని. గుమ్మం గుమ్మం ముందూ జరిగింది చెప్పాను. చెప్పిన కొద్దీ అది సాకులాగా వినపడింది. "ఇండ్లు పోతాండాయని ఇప్పుడు తెస్తాండారా?" అంది ఒకామె, నవ్వుతూనే. ఇంకొకామె పొట్లం తీసుకుని సంచి వెనక్కిచ్చింది. రెండో వీధి అత్తగారు మాత్రం రెండు ముళ్ళ పొట్లం విప్పి వాసన చూసి, "ఇప్పుడెట్లమ్మా, పాలిచ్చే పిల్ల పులుపు తినగూడదు," అని దాన్ని పక్కన పెట్టింది. ఆ సంగతి వదినకు చెప్పలేదు.

నాలుగు వారాలు, ఎనిమిది తూర్లు. ముప్పై ఏడు, ముప్పై నాలుగు, ఇరవై తొమ్మిది, ఇరవై రెండు, మళ్ళీ ఇరవై రెండు. ఆ వారం ఆగిందనుకున్నాను. తరువాత పదమూడు, తొమ్మిది, నాలుగు. నాలుగు ఇళ్ళకు బండి రాదు. ఆ లోపలే మిగతా ఎనిమిది కుటుంబాలూ ఒక్కొక్కటిగా ఎవరి దారి వాళ్ళు చూసుకున్నాయి. ఎవరూ నన్ను తిట్టలేదు. ఆకుకూరల పెద్దామె మాత్రం, "ఆ ముసలాయన లేకుంటే పోనీలే మా, విన్నన్ని దినాలు బాగుండె," అంది. తిట్టినా బాగుండేది.

అన్న మండీకి తిరిగి వెళ్ళాడు. అతని చోటులో వేరే వాళ్ళ గంపలు ఉన్నాయి. షావుకారు కాదనలేదు, చివర్లో దించుకోమన్నాడు. చివర్లో దించిన సరుకు చివర్లో పాటకొస్తుంది, అప్పటికి కొనేవాళ్ళు వెళ్ళిపోతారు. ఒక కాపు అలా చూసి అతను వంగతోట దున్నేసి ఎనభై ఏడు కొబ్బరి మొక్కలు నాటాడు. కొబ్బరికి వ్యాపారే లారీ వేసుకుని వస్తాడు, లెక్కపెట్టి ఎత్తుకుపోతాడు. కాయ ఎవరింటికి పోతుందో అడిగే పని లేదు. "ఇదే మేలు," అన్నాడు అన్న. మొక్కకూ మొక్కకూ మధ్య దూరం సరిగా ఉందో లేదో చూడమని నన్ను పిలిచాడు. కొలిచి చూశాను. సరిగానే ఉంది.

ఆ తరువాత నేను కూర్చుని, నోటులో లేని దాన్ని మొదటిసారి కాగితం మీద పెట్టాను. ఆమె తిన్నె మీదికి వెళ్ళాక ఇరవై ఆరు ఇళ్ళు, వారానికి రెండు తూర్లు, ఇరవై వారాలు: వెయ్యిన్ని నలభై. నలభై రెండు ఇళ్ళు, నలభై ఎనిమిది వారాలు: నాలుగు వేల ముప్పై రెండు. ఇందులో వానలకు పాలారు పొంగి బండి రాని తూర్లు మూడు, నూట ఇరవై ఆరు తీసేశాను. మొదటి వారం తూరికొకటే తీశానని ఆమె అంది గదా, దానికి సాక్ష్యం లేదు, అయినా నమ్మి యాభై తీసేశాను. ఇంత జరిగాక కూడా ఆమె మాట నమ్మానని రాసుకుంటుంటే నాకే కోపం వచ్చింది. కానీ కొట్టేయలేదు. ఎనిమిది తూర్లలో నేను కట్టి ఇచ్చినవి నూట డెబ్బై, అవీ తీసేశాను. చివరి ముప్పై ఏడు కలపలేదు. ఆ రోజువి ఆమె కళ్ళెదుటే ఎత్తుకుని, నేనే మళ్ళీ కట్టి, సాయంత్రం లోపల ఇళ్ళకు చేర్చాను.

పోయిన నెల కాట్పాడిలో బస్సు కోసం నిలబడి ఉంటే ఎదురుపడింది. జుట్టు నెరిసింది, మోకాలికి పట్టీ ఉంది. తప్పుకుని పోతుందనుకున్నాను. పోలేదు. నా పక్కకే వచ్చి సంచి కింద పెట్టింది. నేను చేతులు కట్టుకున్నాను. చూసేసింది.

"వేళ్ళు ఆడతాండాయి నీకు. ఇంకా లెక్కేస్తానే ఉండావా, కణక్కుపిళ్ళా?"

"ఏస్తానే ఉండా."

"నాదేనా?"

"నీదే. నువ్వు ఇయ్యకుంటే నాది."

"ఇంకా ఎంతుండాది?"

"నాలుగు వేల ఏడు వందల ఇరవై ఆరు."